మా కొలతకు బీసీడీ ఉంచండి
దేశంలోని స్కూబా డైవింగ్ కేంద్రాల యజమానులకు, శిక్షకులకు బహిరంగ లేఖ



అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి, గోవా, తార్కర్లీ, పుదుచ్చేరి, మన విశాఖ రుషికొండ... ఎక్కడ మీ కేంద్రం ఉన్నా, మీ దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు మీరు చూపించే శ్రద్ధ నాకు తెలుసు. మాస్కు ముఖానికి ఆనిందో లేదో ముక్కుతో గాలి పీల్చమని చూస్తారు. ఫిన్స్ వదులైతే ఇంకో జత తెచ్చి ఇస్తారు. వెట్‌సూట్ మెడ దగ్గర బిగుతుగా ఉందంటే మారుస్తారు. బీసీడీ (తేలే బలాన్ని, అంటే బోయెన్సీని, అదుపు చేసే గాలి జాకెట్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే: “మా దగ్గర ఉన్నవాటిలో ఇదే చిన్నది, పట్టీలు లాగి బిగిస్తే సరిపోతుంది.”

సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక అంకె. అమెరికాలో రెడీమేడ్ బట్టల వ్యాపారం 5 అడుగుల 4 అంగుళాల లోపు ఆడవాళ్లకు ‘పెటీట్’ అని వేరే వరుస పెట్టుకుంది. అంటే దాదాపు 163 సెంటీమీటర్లు. మన దేశంలో సగటు మహిళ ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. వాళ్ల లెక్కలో ‘చిన్న మనిషి’ మన దగ్గర మామూలు మనిషి. మీ పడవ ఎక్కే ఆడవాళ్లలో ఎక్కువమంది ఆ గీతకు కిందే ఉంటారు. ఎక్స్‌ఎస్, డబుల్ ఎక్స్‌ఎస్ సైజులు ఎప్పుడో ఒకసారి వచ్చే ఒకరిద్దరి కోసం కొనే ప్రత్యేక సరుకని అనుకోవడం ఈ దేశంలో తప్పు లెక్క. మహిళల వరకు అవే మీ అసలు సరుకు కావాలి.

బీసీడీ చేసే పని మీకు చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం ఇంకా నీళ్లలోకి దిగని ఆడపిల్లలు కూడా చదువుతారు కాబట్టి నాలుగు ముక్కలు. నీళ్లలో 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. వెట్‌సూట్ రబ్బరులోని గాలి బుడగలు నలిగిపోయి, అది తేల్చే బలం తగ్గిపోతుంది. మనిషి బరువెక్కినట్టు కిందికి జారుతుంది. అప్పుడు ఎడమ భుజం మీదుగా వేలాడే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి బీసీడీలోకి కాస్త గాలి పంపాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది, దాన్ని ఎప్పటికప్పుడు వదిలేస్తూ ఉండాలి. నీటి పైకి తేలాక దాన్ని నింపుకుని పడవ వచ్చేదాకా నీటి మీద నిలబడాలి. వీటన్నిటితో పాటు ట్యాంకును వీపుకు కట్టి ఉంచేది కూడా ఇదే.

1961లో ఫ్రాన్సులో మోరిస్ ఫెంజీ తెచ్చిన తొలి గాలి సంచి మెడలో వేసుకునేది. దానికి కొలతలతో పెద్దగా పని లేదు. 1971లో స్కూబాప్రో కంపెనీ తెచ్చిన స్టాబ్ జాకెట్‌తో ఆ సంచి చొక్కాలాగా ఒంటికెక్కింది, ట్యాంకు కూడా దానికే కట్టారు. ఆ రోజు నుంచి భుజాల వెడల్పు, వీపు పొడుగు, ఛాతీ తీరు అన్నీ లెక్కలోకి వచ్చాయి. వచ్చి యాభై ఏళ్లు దాటినా అద్దె రాక్‌ల మీద ఆ లెక్క కనబడదు.

పెద్ద బీసీడీ చిన్న ఒంటి మీద ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా చెబుతాను. ఇది నా ఒంటి మీద జరిగినదే. నేను ఐదడుగుల లోపు మనిషిని.

నీటి మీద మొదలుపెడదాం. గాలి నింపగానే జాకెట్ పైకి లేస్తుంది, మనిషి లేవదు. భుజం పట్టీలు చెవుల దాకా వస్తాయి, ఛాతీ పట్టీ గొంతు కింద గుచ్చుకుంటుంది, గడ్డం నీళ్లకు ఆనుతుంది. మునిగిపోతున్నానన్న భయంతో ఆమె ఇంకా గాలి నింపుతుంది. జాకెట్ ఇంకా పైకి పోతుంది. చిన్నపాటి అల వచ్చినా నోట్లోకి ఉప్పునీళ్లు. మొదటిసారి దిగిన అమ్మాయి “ఇది నావల్ల కాదు” అని పడవెక్కేది చాలాసార్లు ఇక్కడే. ఆమె భయపడే మనిషని మీరు అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది.

నీళ్ల లోపల కథ వేరు. వదులు జాకెట్‌లో ట్యాంకు ఒకచోట ఉండదు. పక్కకు తిరిగితే ఒక క్షణం ఆలస్యంగా అది కూడా దొర్లి, మనిషిని తనవైపు తిప్పేస్తుంది. 45 కిలోల మనిషి వీపు మీద ట్యాంకు, మునగడానికి పెట్టుకునే సీసం బరువులు, మిగతా సరంజామా కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. అంత బరువు తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంటే చేతులు ఆడించకుండా ఎలా ఉంటుంది? చేతులు ఆడిస్తే గాలి తొందరగా అయిపోతుంది. జాకెట్‌లోని గాలి భుజాల వైపు చేరి తల పైకి, కాళ్లు కిందికి పోతాయి. ఫిన్స్ ఇసుక రేపుతాయి, పగడాలకు తగులుతాయి. అప్పుడు శిక్షకుడు పలక మీద రాసి చూపిస్తాడు: కాళ్లు పైకి. ఎంత ప్రయత్నించినా కాళ్లు పైకి రావు. పెద్ద జాకెట్‌లో మెత్తలెక్కువ, ఆ మెత్తల్లో చిక్కుకున్న గాలిని అణచడానికి ఇంకో కిలో సీసం పెడతారు. ఆ సీసాన్ని మోయడానికి జాకెట్‌లో ఇంకాస్త గాలి నింపాలి. ఆ గాలి ఆమెను ఇంకాస్త నిలువుగా లేపుతుంది. చివరికి ఆమె లాగ్‌బుక్‌లోకి ఎక్కేది “బోయెన్సీ ఇంకా అలవాటు కాలేదు” అన్న మాట.

నా కోపం ఈ మాట మీదే. జాకెట్ లోపాన్ని మనిషి లోపంగా రాస్తున్నాం. నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి దాన్ని నమ్ముతుంది కూడా. సరైన సైజు వేసుకున్న రోజున నాకు కొత్తగా ఏ విద్యా రాలేదు. అంతకుముందు శిక్షకులు చెప్పినదంతా అప్పుడు నా ఒంటికి అందింది, అంతే.

భద్రత సంగతి దీనికన్నా పెద్దది. పట్టీలన్నీ చివరిదాకా లాగేస్తే వాటి మీదున్న, సరంజామా తగిలించే డీ-రింగులు చంకల కిందికి పోతాయి. జేబులు వీపు వైపు తిరుగుతాయి. సీసం జేబులు జాకెట్‌లోనే ఉండే రకమైతే, ఆపదలో ఒక్క గుంజుతో ఊడదీయాల్సిన పిడి చేతికందని చోటికి చేరుతుంది. కుడి భుజం మీద గాలి వదిలే డంప్ వాల్వ్ తాడు ఎక్కడుందో వెతుక్కోవాలి. పైకి లేచిపోతున్న డైవర్‌కు వెతుక్కునే వ్యవధి ఉండదు.

ఇక కొలతల విషయం. తయారీదార్ల పట్టికలు చాలావాటిలో ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత ఉంటాయి. ఒక కంపెనీ ‘ఎస్’ ఇంకో కంపెనీ ‘ఎం’తో సమానంగా ఉండటం మామూలే. ఆ పట్టికలో ఉండని కొలతే చిన్న మనిషికి అన్నిటికన్నా ముఖ్యం: వీపు పొడుగు. తల వంచితే మెడ వెనక చేతికి తగిలే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు ఎత్తు దాకా టేపు పెట్టి చూడండి. ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్ల పొడుగులో, వీపు పొడుగులో ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది. మన ఊళ్లో దర్జీకి బ్లౌజు ఇచ్చేటప్పుడు ఆది జాకెట్టు పట్టుకెళ్తాం. భుజం, వీపు, చంక కొలతలు దాన్ని బట్టి తీసుకుంటాడు గానీ “నీ బరువెంతమ్మా” అని ఏ దర్జీ అడగడు. సముద్రంలో ప్రాణం నిలబెట్టే జాకెట్‌కు కనీసం ఆ పాటి కొలత తీయండి.

వేసి చూసే పద్ధతి కూడా తొందరలో పాడవుతోంది. పడవ కదిలే ముందు టీషర్టు మీద తగిలించి, ముందు బకిల్ పెట్టి, “ఓకేనా?” అంటే అది చూసినట్టు కాదు. ఆమె నీళ్లలోకి ఏ వెట్‌సూట్‌తో దిగుతుందో దాని మీదే, ట్యాంకు బిగించి చూడాలి. పట్టీలన్నీ పూర్తిగా వదులు చేసి వేయండి. ముందు నడుం పట్టీ, తరువాత భుజాలు, చివరికి ఛాతీ. నడుం పట్టీ వెల్క్రో రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఎక్కిపోయి వీపు దాకా చేరుతుంటే జాకెట్ పెద్దదని అర్థం. భుజం పట్టీ బిగించాక కూడా ఇంకా బెత్తెడు లాగడానికి మిగిలి ఉండాలి. వెట్‌సూట్ లోతులో పలచబడుతుంది, ఆ వదులు అప్పుడు తీయాలి కదా. జాకెట్ కింది అంచు పిరుదుల మీద కూర్చోకూడదు.

తరువాత అదనపు గాలి వాల్వ్ నుంచి బుస్సుమని బయటికి వచ్చేదాకా జాకెట్ నింపండి. ఆమెను గుండె నిండా ఊపిరి పీల్చమనండి. పక్కటెముకలు నొక్కుకుపోతుంటే అది బిగుతు, లేదా ఆ నమూనా ఆమెకు పనికిరాదు. ఇప్పుడు మీరు ట్యాంకు వాల్వ్ పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తండి. భుజానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ సందు కనిపిస్తే, నీటి మీద ఆ జాకెట్ ఆమె చెవుల దాకా వస్తుంది. తల వెనక్కి వాల్చమనండి, వాల్వ్‌కు కొట్టుకోకూడదు. చివరగా కళ్లు మూసుకుని ఇన్‌ఫ్లేటర్, భుజం డంప్, కింద వెనకవైపు డంప్, సీసం జేబుల పిడులు ఒక్కొక్కటీ పట్టుకోమనండి. తడుముకోకుండా నాలుగూ దొరికితే అప్పుడు “ఓకేనా?” అని అడగండి.

ఛాతీ దగ్గర ఒక మాట విడిగా చెప్పాలి. మగవాళ్ల నమూనాలో భుజం పట్టీలు తిన్నగా కిందికి దిగుతాయి. ఆడవాళ్ల ఛాతీ మీద అవి ఒత్తుకుంటాయి, లేదా ఇరుకు భుజాల మీంచి జారిపోతాయి. మహిళల కోసం చేసిన వాటిలో పట్టీ భుజం మీంచి బయటికి వంపు తిరిగి, రొమ్ముల పక్కగా దిగుతుంది. ఛాతీకి అడ్డంగా పెట్టే చిన్న పట్టీ రొమ్ముల పైన ఉండాలి, వాటి మీద కాదు. దాని ఎత్తు మార్చుకునే వీలున్న నమూనా కొనండి. మగ శిక్షకుడు ఆ పట్టీని సర్దడానికి మొహమాటపడతాడు. ఆమె అంతకన్నా మొహమాటపడి “బాగానే ఉందండీ” అంటుంది. ఆ మొహమాటం ఖరీదు నీళ్లలో తెలుస్తుంది. సర్దుకోవడం ఆమెకే నేర్పండి, అద్దం ముందు రెండు నిమిషాలు వదిలేయండి. మీ బృందంలో శిక్షకురాలు ఉంటే ఆ పని ఆమెకివ్వండి. లేకపోతే ఒకరిని తయారుచేయండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ విషయంలో ఇది మరీ అవసరం. జాకెట్ పైకి లేవకుండా పట్టి ఉంచే చవకైన ఉపాయం అదే అయినా, ఆడవాళ్లకు దాన్ని ఎవరూ చూపించరు. జడ సంగతి కూడా చూడండి. పొడుగు జడ ట్యాంకు పట్టీ వెల్క్రోలోనో వాల్వ్ దగ్గరో చిక్కుకుంటే తల తిప్పలేరు. సూట్ లోపలికి దోపుకోమని ముందే చెప్పండి.

ఏ రకం కొనాలన్నది ఒక్క మాటలో తేలదు. నడుం చుట్టూ గాలి నిండే జాకెట్ రకం కొత్తవాళ్లను నీటి మీద నిటారుగా పట్టుకుంటుంది. కానీ చిన్న పొట్ట మీద అది నిండగానే ఊపిరికి అడ్డం వస్తుంది. వీపు వైపు మాత్రమే గాలి నిండే రకం ఛాతీని, పొట్టను వదిలేస్తుంది, నీళ్ల లోపల పడుకున్నట్టు ఈదడం సులువు. నీటి మీద మాత్రం కాస్త ముందుకు తోస్తుంది, అది ఒక పూట సాధనతో పోతుంది. చిన్న ఒంటి ఆడవాళ్లకు నేను దీన్నే సిఫారసు చేస్తాను. లోహపు పలక, ఒకే పొడుగు పట్టీతో చేసే బ్యాక్‌ప్లేట్ రకం పట్టీ వరకు ఎవరి కొలతకైనా కుదురుతుంది. అయితే మామూలు పలక పొట్టి వీపుకు పొడుగై నడుం దగ్గర గుచ్చుతుంది, పొట్టి పలక అడిగి తెప్పించాలి. స్కూబాప్రో, ఆక్వాలంగ్, మారెస్ లాంటి కంపెనీలు మహిళల నమూనాలు చేస్తున్నాయి. మగవాళ్ల ఎక్స్‌ఎస్, ఆడవాళ్ల ఎక్స్‌ఎస్ ఒకటి కాదని మాత్రం గుర్తుంచుకోండి. గులాబీ రంగు అంచు కుట్టి మహిళలదని అమ్మేవీ ఉన్నాయి. రంగు కాదు, పట్టీ వంపు చూడండి.

తేల్చే బలం ఎక్కువ ఉంటే మంచిదన్న నమ్మకం కూడా వదలండి. మన వెచ్చటి నీళ్లలో 3 మిల్లీమీటర్ల సూట్ వేసుకున్న 45 కిలోల మనిషికి చాలా కొద్ది బలం చాలు. పెద్ద సంచి ఆమెకు రక్షణ కాదు, భారం.

ట్యాంకు గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు, ఎందుకంటే ఎంత మంచి బీసీడీ అయినా దాని వెనక వేలాడేది అదే. ఎక్కువచోట్ల ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు. వాల్వ్ లెక్కపెట్టకుండానే దాని పొడుగు దాదాపు 66 సెంటీమీటర్లు, ఖాళీగా ఉన్నా బరువు 14 కిలోలు. ఐదడుగుల మనిషి వీపు అంత పొడుగు ఉండదు. తలకు తగలకుండా కిందికి దించితే అడుగు తొడల వెనక కొట్టుకుంటుంది, తొడలకు తగలకుండా పైకి జరిపితే తల వాల్వ్‌కు తగులుతుంది. ఖాళీ అయ్యేకొద్దీ అల్యూమినియం ట్యాంకు అడుగు తేలి నడుమును పైకి లాగుతుంది. 9 లీటర్ల ట్యాంకు దీనికన్నా బెత్తెడు పొట్టి, దాదాపు రెండు కిలోలు తేలిక. గాలి చాలదేమోనని భయపడతారు. లెక్క వేద్దాం. 200 బార్‌కు నింపితే 1,800 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల లోతులో 30 లీటర్లు వాడుతుంది. 50 బార్ నిల్వ ముట్టకుండా వదిలేసినా 45 నిమిషాలు. చిన్న ఒంటివాళ్లలో చాలామంది అంత గాలి కూడా వాడరు.

ఆడవాళ్లు ఈ నీళ్లకు కొత్తగా రాలేదు. అమెరికాలో డాటీ ఫ్రేజియర్ 1955లోనే స్కూబా శిక్షకురాలైంది. డైవింగ్ దుకాణం నడిపింది, సూట్లు తానే కుట్టి అమ్మింది. 1970లో వర్జిన్ దీవుల దగ్గర సముద్ర గర్భంలోని టెక్టైట్ నివాసంలో సిల్వియా ఎర్ల్ నాయకత్వాన అంతా ఆడవాళ్లే ఉన్న బృందం రెండు వారాలు గడిపింది. సామర్థ్యం గురించి చర్చ అక్కడితోనే తేలిపోవాల్సింది. సరంజామా చర్చ తేలలేదు. అంతరిక్షంలోనూ అంతే: 2019 మార్చిలో నాసా తరఫున ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడక ఆఖరి రోజుల్లో మారిపోయింది. ఇద్దరికీ మీడియం సైజు మొండెం భాగమే సరిపోయింది, సిద్ధంగా ఉన్నది ఒక్కటే. పెద్దది వేసుకుని వెళ్లమని వాళ్లెవరూ అనలేదు, మనిషినే మార్చారు. అక్టోబరు 18న క్రిస్టీనా కోక్, జెస్సికా మీర్ కలిసి అలాంటి నడక పూర్తి చేశారు. నాసా వాళ్లు నీళ్ల కొలనులో దిగి ఆ నడకలు సాధన చేస్తారు కాబట్టి మనకు వాళ్లు దూరపు చుట్టాలేమీ కాదు. వదులు సూట్ వేసుకుని పని చేయకూడదన్న నిర్ణయం తీసుకోవడానికి వాళ్లకు సంకోచం లేకపోయింది. మనం మాత్రం మొదటిసారి సముద్రం చూస్తున్న అమ్మాయికి వదులు జాకెట్ కట్టి దూకమంటున్నాం.

మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. దిగుమతి సరుకు, సుంకాలు, ఉప్పునీళ్లకు నాలుగేళ్లలో పాడయ్యే కుట్లు. ఎక్స్‌ఎస్ కొంటే రాక్ మీద ఉండిపోతుందేమోనన్న భయం. ఉండిపోదు. పదేళ్లు నిండిన పిల్లలకు పాడీ శిక్షణ సంస్థ ఓపెన్ వాటర్ కోర్సులో ప్రవేశం ఉంది. వాళ్లకు కావలసింది ఈ సైజులే. సన్నగా ఉండే కుర్రాళ్లకూ ఇవే సరిపోతాయి. మీ రాక్ మీద ఎల్, ఎక్స్‌ఎల్ ఎన్ని ఊరికే వేలాడుతున్నాయో, ‘ఎస్’ జాకెట్ల పట్టీలు మాత్రమే ఎందుకు అరిగిపోయాయో ఒకసారి చూడండి. మీకు సమాధానం అక్కడే దొరుకుతుంది.

డైవింగ్‌కు వెళ్లాలనుకుంటున్న చెల్లెళ్లకు ఒక మాట. డబ్బు కట్టే ముందే ఫోన్ చేసి మీ ఎత్తు, బరువు చెప్పి, ఎక్స్‌ఎస్ బీసీడీ ఉందా, 9 లీటర్ల ట్యాంకు ఉందా అని అడగండి. “వచ్చాక చూద్దాం” అంటే ఇంకో కేంద్రానికి ఫోన్ చేయండి. ఈ ప్రశ్న రోజుకు నలుగురు అడిగితే ఈ ఉత్తరం అవసరమే ఉండదు. సొంతంగా కొనుక్కోగలిగితే అన్నిటికన్నా ముందు బీసీడీ కొనుక్కోండి. సరిపోయిన మాస్కు అద్దెకు దొరుకుతుంది, సరిపోయిన బీసీడీ దొరకడం కష్టం. దుకాణానికి మీ వెట్‌సూట్ పట్టుకెళ్లండి, పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే చేయండి, మొహమాటపడకండి.

యజమానులకు చివరి విన్నపం. జూన్ నుంచి వానలకు నేత్రాణి లాంటి చోట్ల పడవలు ఆగిపోతాయి. రెగ్యులేటర్లు సర్వీసింగ్‌కు పంపేది, పాత జాకెట్లు తీసేసి కొత్తవాటికి ఆర్డరు పెట్టేది అప్పుడే. ఈసారి ఆ ఆర్డరులో ప్రతి పది బీసీడీలకు కనీసం మూడు ఎక్స్‌ఎస్, ఒక డబుల్ ఎక్స్‌ఎస్ రాయండి. అవి వీపు వైపు గాలి నిండే మహిళల నమూనావి అయ్యేలా చూడండి. రెండు మూడు 9 లీటర్ల ట్యాంకులు, రాక్ పక్కన మేకుకు ఒక కొలత టేపు. జాకెట్లు వచ్చేలోగా ఉన్న ‘ఎస్’ వాటికి కాళ్ల మధ్య పట్టీలు కుట్టించండి. సూది, నైలాన్ దారం, ఒక బకిల్ చాలు. ఆ పని మీ వీధి చివర బ్యాగులు కుట్టే ఆయన కూడా చేసిపెడతాడు.

ఇట్లు,
మీ కేంద్రాలకు వచ్చే ఐదడుగుల లోపు డైవర్లలో ఒకరు